పంపు వెంకటేశులు అరచెయ్యి

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పొడవునా డీజిల్ పంపులు బాగుచేసే షెడ్లు ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ జనం మూగేది వెంకటేశులు షెడ్డు ముందు. జనం ఉన్నచోటే పని బాగుంటుందని నమ్మేవాళ్ళకు నేను చెప్పగలిగిందేమీ లేదు, వాళ్ళూ పోయి ఆ గుంపులో నిలబడవచ్చు. ఆ షెడ్డు పక్కనే మా స్పేర్ పార్టుల అంగడి. బోర్డు మీద మా ఆయన నాగేశ్వరయ్య పేరుంటుంది. కౌంటర్ దగ్గర కూర్చునేది మాత్రం నేను, అనురాధను. ఆయన లోపల ఫ్యాను కింద పేపరు చదువుకుంటారు. అందువల్ల ఇన్నేళ్ళుగా వెంకటేశులు వేషాలన్నీ చూసే భాగ్యం నా ఒక్కదానికే దక్కింది.

అతని పనేమిటో ముందు చెప్పాలి. ట్రాక్టరుకైనా లారీకైనా, డీజిల్ ఇంజనుకు ఇంజెక్టర్లు ఉంటాయి. ఇంజెక్టర్ కొసన ఉండే నాజిల్ డీజిల్‌ను ఇంజను లోపల సన్నటి తుంపరగా చల్లాలి. నాజిల్ అరిగినా, చెత్త పట్టినా తుంపర రాదు. ధార కొడుతుంది, లేదా బొట్లు కారుతుంది. అప్పుడు బండి నల్లటి పొగ కక్కుతుంది, బరువు లాగదు. నాజిల్ చెడిందో లేదో చూడడానికి టెస్టర్ అని చేతి యంత్రం ఒకటుంది. ఇంజెక్టర్‌ను దానికి బిగించి పిడి నొక్కితే ఎంత ఒత్తిడి దగ్గర డీజిల్ చిమ్మిందో గేజు మీద ముల్లు చూపిస్తుంది. తుంపర ఎట్లా వస్తోందో కంటికి కనిపిస్తుంది. నొక్కడం ఆపాక బొట్టు కారుతోందా లేదా అన్నది చూస్తే పరీక్ష అయిపోయినట్టే. ఇందులో మహిమలు లేవు, మంత్రాలు లేవు. కళ్ళూ కాస్త ఓపికా ఉంటే చాలు.

వెంకటేశులుకు ఆ రెండూ నామోషీ. అతను అరచెయ్యి పెట్టి చెబుతాడు.

ఎవరో ఒక రైతును పిలిచి పిడి నొక్కమంటాడు. తను కళ్ళు మూసుకొని నాజిల్ ముందు కుడి అరచెయ్యి చాపుతాడు. చిమ్మిన డీజిల్ చేతికి తగలగానే తల అటూ ఇటూ ఊపి, "ఇది బాగుండాది, దీనికి దమ్ముల్యా, ఇది ఇంకో నెల ఈడుస్తాది" అని తీర్పు చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళ గురించి వినడమే కానీ, రోజూ పొద్దున పది గంటలకు షట్టరు ఎత్తి చూపించేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

ఆ నాజిల్ నుంచి డీజిల్ ఎంత వేగంగా వస్తుందో ఈ మహానుభావులకు తెలియదనుకోకండి. లారీ టైరులో ఉండే గాలికి ఇరవై రెట్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. మంచి నాజిల్ అయితే తుంపర విచ్చుకుంటుంది కాబట్టి మూరెడు దూరంలో చేతికి చల్లగా తగిలి, అదృష్టం బాగుంటే ఊరుకుంటుంది. చెడిన నాజిల్ నుంచి వచ్చేది దారమంత సన్నటి ధార. అది చర్మం దగ్గర ఆగదు, లోపలికి దూరుతుంది. మరి మెకానిక్ దగ్గరికి మంచి నాజిల్ మోసుకొచ్చే వెర్రివాడెవడు? అందరూ తెచ్చేది చెడినవే. వెంకటేశులు రోజూ చెయ్యి పెట్టేది వాటి ముందే.

ఈ మాట నా సొంతం కాదు. నాజిళ్ళ కంపెనీ తరపున ఒకాయన వచ్చి, ఊళ్ళో మెకానిక్కులనూ అంగళ్ళవాళ్ళనూ కూర్చోబెట్టి చెప్పాడు. డీజిల్ చర్మంలోకి దూరితే రక్తం రాదు, మొదట్లో నొప్పి కూడా ఉండదు, అయినా ఉన్నపళంగా పెద్దాసుపత్రికి పోవాలి, కోసి కడగాలి, ఆలస్యమైతే వేలు పోతుంది, ఇంకా ఆలస్యమైతే చెయ్యి పోతుంది అన్నాడు. వెంకటేశులు ముందు వరసలోనే కూర్చున్నాడు. బయటికొచ్చాక ఎట్లుందప్పా మీటింగు అని ఎవరో అడిగితే, "బిర్యానీ బాగుండె" అన్నాడు.

అతని పుట్టుక మంత్రాలయం దగ్గర మాధవరం. తుంగభద్ర ఒడ్డున చేపలు పట్టుకుంటూ బడి ఎగ్గొట్టి, లారీ క్లీనరుగా చేరి, ఆదోనిలో దిగి, ప్రభుదాసు అనే పాతకాలపు మేస్త్రీ షెడ్డులో పని నేర్చుకున్నాడు. ప్రభుదాసు ప్రతి ఇంజెక్టర్నూ టెస్టర్ మీద పెట్టి, గేజు చూసి, తుడిచి, ఏమీ మాట్లాడకుండా తిరిగి ఇచ్చేవాడు. మాట్లాడని మేస్త్రీ మన జనానికి ఆనడు కదా. అతని షెడ్డు ఈగలు తోలుకుంది. శిష్యుడు ఆ షెడ్డులో పని ఎంత నేర్చుకున్నాడో, జనానికి పని కంటే ఆట ముఖ్యమని కూడా అంతే బాగా నేర్చుకున్నాడు. ముసలాయన పని మానేశాక టెస్టర్ వెంకటేశులు చేతికొచ్చింది. దాన్ని సిమెంటు దిమ్మె మీద పెట్టి, ఏటా దసరాకు ఆయుధపూజ చేసి, గేజు అద్దం మీద పసుపూ కుంకుమా మెత్తాడు. మెత్తిన దాని మీదే మళ్ళీ మెత్తాడు. ఆ పొరల వెనక ముల్లు ఉందో ఊడిందో దేవుడికే తెలియాలి. ఒకసారి తుడవమని చెబితే నా వైపు పాపిష్టిదాన్ని చూసినట్టు చూసి, "పూజ సేసినదాన్ని తుడుస్తారా అక్కా?" అన్నాడు.

పని రాదని నేను అనను. రాకపోతే నాకింత ఒళ్ళు మండదు. ఇంజను తిరుగుతుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలినప్పుడు ఇంజను శబ్దం మారదో అదే పని చేయనిదని పట్టుకోవడం అతనికి కొట్టిన పిండి. చేతిలో అంత పనుండి కూడా గారడీవాడిలా బతకాలనుకున్నాడు. అలాంటివాణ్ణి చూస్తే నాకు జాలి కలగదు.

అతని భార్య ఉరుకుందమ్మ రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చేది. జనం ఉంటే వెంటనే ఇచ్చేది కాదు, ఓ పక్కగా నిలబడి మొగుడి విద్య చూసి మురిసిపోయేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళతో, "మా ఆయప్ప సేతిలో ఏముండాదో దేవునికే ఎరుక" అని చెప్పుకునేది. ఈ జంటను తూకం వేసి కలిపినట్టున్నారని నేను అనుకునేదాన్ని.

పోయినేడు తొలకరి పడిన వారంలో హొళగుంద నుంచి బసన్న అనే రైతు ట్రాక్టరు తెచ్చాడు. తన పొలం, తమ్ముడి పొలం, ఊళ్ళో ఇంకొందరి పొలాలు, అన్నీ ఆ ట్రాక్టరుతోనే దున్ని విత్తాలి. భూమిలో పదును ఆరేలోగా పని కాకపోతే అంతే సంగతులు. అంత తొందరలో ఉన్న మనిషి నేరుగా ఇక్కడికి రాలేదు. అంతకుముందే ఎమ్మిగనూరుకు బాడుగకు పోయినప్పుడు బండి మొరాయిస్తే, అక్కడ ఈరేష్ అనే మెకానిక్ టెస్టర్ మీద పెట్టి, గేజు చూసి, రెండో నాజిల్ కారుతోంది, మార్చుకోమన్నాడు. ఈరేష్ మీద కూడా నాకు భక్తి లేదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, ముఖం గంటు పెట్టుకొని, కడుపు కోసే డాక్టరునని అనుకుంటాడు. అయినా చెప్పింది నిజమే చెప్పాడు. బసన్నకు అది ఆనలేదు.

"ఊరికే మిషను దిక్కు సూసి సెప్పినాడప్పా" అన్నాడు వెంకటేశులుతో. "అట్లయితే నేనూ సెప్తా కదా. నువ్వు సెయ్యి పెట్టి సూడు."

వెంకటేశులు ముఖం వెలిగింది. "ఎమ్మిగనూరోనికి గేజు ల్యాకపోతే పొద్దు కూడా తెల్లారదు ల్యాప్పా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ముందు ఇంజను స్టార్ట్ చేయించి ఒక్కో పైపూ వదులు చేశాడు. మొదటిది వదలగానే ఇంజను తడబడింది. రెండోది వదిలితే మార్పేమీ లేదు. మూడోది వదిలితే మళ్ళీ తడబడింది. రెండోదే చెడిందని అక్కడికక్కడే తేలిపోయింది. కొత్త నాజిల్ నా అంగడిలోనే ఉంది. మార్చి పంపితే బసన్న సాయంత్రానికి పొలంలో ఉండేవాడు. కానీ పదిమంది చుట్టూ నిలబడి ఉంటే, పైగా ఎమ్మిగనూరువాడి పేరు ఎత్తాక, మన మేస్త్రీ ఊరికే పనిచేసి పంపిస్తాడా?

ఇంజెక్టర్ విప్పి టెస్టర్‌కు బిగించాడు. పిడి బసన్న చేతికిచ్చాడు. ఎప్పుడూ మూరెడు దూరంలో పెట్టే చెయ్యిని ఆ పూట నాజిల్‌కు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టాడు. "సూడండప్పా, గేజు సెప్పేది కాదు, సెయ్యి సెప్పేది సూడండి" అని కళ్ళు మూసుకున్నాడు. ఉరుకుందమ్మ క్యారియర్ పట్టుకొని చిరునవ్వుతో నిలబడి ఉంది. నేను కౌంటర్ దగ్గర నుంచి, "వెంకటేశులూ, దూరం జరుపు!" అని అరిచాను. బసన్న గడ్డపార పోటు వేసినట్టు పిడిని కిందికి నొక్కాడు.

కీచుమంది. వెంకటేశులు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపుడు వేలి మొదట్లో ముల్లు గుచ్చుకున్నంత చుక్క. రక్తం లేదు. గుడ్డతో తుడుచుకొని చెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. "ధార కొడతాంది. రెండోదే. ఎమ్మిగనూరోడు గాలిలో రాయి ఇసిరినా తగిలింది ల్యాప్పా!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కౌంటర్ దిగి పోయాను. "చెయ్యి చూపీ" అన్నాను. చుక్క చుట్టూ అప్పటికే చర్మం కాస్త తెల్లబడి ఉంది. "డీజిలు లోపలికి పోయింది. ఇప్పుడే కర్నూలు పెద్దాసుపత్రికి పో. నొప్పి లేదని ఊరకుండొద్దు. ఆరోజు మీటింగులో ఆయనేం చెప్పినాడో నువ్వూ విన్నావు కదా."

"అక్కా, నువ్వు నాజిల్లు అమ్ముకో. సెయ్యి సంగతి నేను సూసుకుంటా" అన్నాడు. అతని నవ్వు చూసి తక్కినవాళ్ళూ నవ్వారు. "దేవరగట్టు జాతరలో కట్టెలతో కొట్టుకోని తలకాయలు పగిలినోల్లు బండారు పూసుకోని ఇంటికి పోతారు. నాకు సుక్క రత్తం రాల్యా, నన్ను కర్నూలుకు పొమ్మంటావు!"

షెడ్డులో దేవరగట్టు మల్లయ్య బండారు పొట్లం ఒకటి గూట్లో ఉంటుంది. దాన్ని విప్పి, చిటికెడు పసుపు తీసి ఆ చుక్క మీద అద్దుకున్నాడు. దేవుణ్ణి నేనేమీ అనడం లేదు. చర్మం కింద డీజిల్ పాకుతుంటే పైన పసుపు అద్దుకొని వైద్యం అయిపోయిందనుకునే బుర్రను అంటున్నాను. ఉరుకుందమ్మ వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు" అన్నాను. "ఆయప్పకు తెల్దా అక్కా?" అంది ఆమె. అంగడికి తిరిగొస్తే నాగేశ్వరయ్య పేపరు వెనక నుంచే, "వాడి చెయ్యి వాడిష్టం, మనకెందుకు?" అన్నారు. ఈ రోడ్డు మీద మగవాళ్ళందరి తెలివీ ఒకే అంగడిలో కొన్నట్టు ఉంటుంది.

బసన్న కొత్త నాజిల్ వేయించుకొని పోయాడు. అతని పదును తప్పలేదు, విత్తనం పడింది.

సాయంత్రానికి వెంకటేశులు వేలు ఉబ్బింది. తేలో ఏదో కుట్టిందని వీధి చివరి సూదిమందు డాక్టరు మాత్రలిచ్చాడు. చుక్క ఎట్లా పడిందో వెంకటేశులు ఆయనకు చెప్పలేదు. చెబితే విద్యకు తక్కువ కదా. మరుసటి రోజు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఉరుకుందమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు కూడా ముడి వేసుకోలేదు.

"అక్కా, వేలు పాలిపోయింది. సల్లగుండాది. గిల్లినా తెలీడంల్యా అంటాండాడు. రాత్రంతా నొప్పికి గోడకు తల కొట్టుకున్న్యాడు" అంది.

నేను లోపలికి పోయి పేపరు లాక్కొని, నాగేశ్వరయ్యతో కారు తీయించాను. దారి పొడవునా వెంకటేశులు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకొని, దాని వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కర్నూలులో డాక్టరు ఎప్పుడు తగిలిందని అడిగితే, "నిన్న పగలు" అని నేనే చెప్పాను. "నిన్న పగలే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అన్నాడాయన. అది అతన్నే అడగండి అన్నాను.

చూపుడు వేలు మొదలంటా తీసేశారు. మధ్యవేలు సగానికి తీశారు. మిగిలిన వేళ్ళు నిలిచాయి కానీ వంగవన్నారు. వరండాలో ఉరుకుందమ్మ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. గేజు మీద పసుపు తుడవడానికి ఒక తడిగుడ్డ చాలు. ఆ మాత్రం పనికి బద్ధకించి, వేళ్ళు పోగొట్టుకున్న మనిషిని ఏ మాటతో తిట్టాలో నాకు తెలియలేదు.

ఇకనైనా తల వంచుకుంటాడని అనుకున్నాను. ఈ ఊరిని తక్కువ అంచనా వేశాను.

కట్టు విప్పాక షెడ్డు తెరిచిన మొదటి రోజే ఎవరో చెయ్యి చూసి అడిగారు. వెంకటేశులు ఒక్క క్షణం తడబడి, తర్వాత గొంతు సవరించుకొని, "పని దేవత వేలడిగిందప్పా, ఇచ్చినా" అన్నాడు. విన్నవాడు చేతులు జోడించాడు. అంతే. ఆ వారంలో ఆ మాట హొళగుందకు పోయింది, ఎమ్మిగనూరుకు పోయింది. వేలు ఇచ్చిన మేస్త్రీ అంటే ఎంత విద్య ఉండాలని బండ్లు వరస కట్టాయి. బండి బాగున్నవాళ్ళు కూడా ఆ చెయ్యి చూడడానికి వచ్చారు. మధ్యాహ్నం క్యారియర్ రాగానే మాత్రం షెడ్డుకు టార్పాలిన్ దిగేది, పావుగంట ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. నాలుగు షెడ్ల అవతల ఉండే అయ్యన్న, అంతవరకు బుద్ధిగా టెస్టర్ వాడుకునేవాడు, తనూ అరచెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. పెట్టకపోతే గిరాకీ రావడం లేదట. ఒకడు వేళ్ళు పోగొట్టుకుంటే చూసి జాగ్రత్త పడేవాళ్ళను చూశాను కానీ, వరసలో నిలబడి నాదీ తీసుకోమనేవాళ్ళను ఇక్కడే చూశాను.

వెంకటేశులు ఆట మానలేదు. కుడిచేతి మణికట్టుతో పిడిని తనే కిందికి నొక్కుతూ, ఎడమ అరచెయ్యి నాజిల్ ముందు పెట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి కూడా పోతే ఏం పట్టుకొని బతుకుతావని నేను అడిగాను. "అక్కా, ఇప్పుడు నేను మానుకుంటే ఆ వేలు ఉత్త పున్యానికి పోయినట్టు కాదా?" అన్నాడు. అతని నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క నిజం అది. అది కూడా పనికిమాలిన నిజం.

పత్తి లారీలు మార్కెట్ యార్డుకు బారులు తీరే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు ఒకడు ఇంజెక్టర్ తెచ్చాడు. షెడ్డు ముందు గుంపు కట్టింది. వెంకటేశులు దాన్ని టెస్టర్‌కు బిగించి, ఎడమ అరచెయ్యి చాపి, కళ్ళు మూసుకున్నాడు. ఉరుకుందమ్మ వచ్చింది. పక్కన నిలబడలేదు. క్యారియర్‌ను పాత టైరు మీద పెట్టి, గుంపును తోసుకొని లోపలికి పోయి, మొగుడి చేతిని పక్కకు నెట్టి, తన కుడి అరచెయ్యి నాజిల్ ముందు పెట్టింది.

"నొక్కు" అంది.

వెంకటేశులు కళ్ళు తెరిచి నవ్వాడు. "పక్కకు పోమ్మే. తమాషా కాదిది."

"తమాషా అని నేనన్ల్యా. నొక్కు."

గుంపులో ఎవడో, "నొక్కు మేస్త్రీ, ఏం గాదు, దూరంగానే పెట్టింది ల్యా" అన్నాడు. అలాంటివాడు ఒకడు ప్రతి గుంపులోనూ ఉంటాడు.

ఆమె ఆ మాట విని చేతిని ఇంకా దగ్గరికి జరిపింది. నేను కౌంటర్ దిగి పరిగెత్తాను కానీ గుంపు దారివ్వలేదు. వెంకటేశులు నవ్వు ఆగిపోయింది.

"సెయ్యి తియ్యి" అన్నాడు.

"యాల తియ్యాల? దేవత నీ వేలడిగింది. నాదడగదా?"

"అడగదు. తియ్యి మ్మే."

"యాల అడగదో ఈల్లకు సెప్పు."

ఆమె చెయ్యి కదలకుండా తల మాత్రం జనం వైపు తిప్పింది.

"వేలిచ్చినాడని సూడనీకి వస్తాండరు కదప్పా మీరంతా. ఆ సేత్తో ఆయప్ప అన్నం కలపల్యాడు. ముద్ద నోటి దాకా పోదు, నడిమద్దెన పడిపోతాది. మూడు పూటలా నేనే కలిపి నోట్లో పెడతాండా, సంటిపిల్లోనికి పెట్టినట్ల. ఇంట్లో తలుపేసుకోని. ఈడ తెర దించుకోని." మళ్ళీ మొగుడి వైపు తిరిగింది. "నొక్కు. నొక్కితే ఈ సెయ్యీ పోతాది. రేపట్నుంచి నీకు ముద్ద ఎవురు పెడతారో ఈల్లల్లో ఒకర్ని సూపీ, నొక్కు."

మధ్యాహ్నాలు ఆ షెడ్డులో టార్పాలిన్ ఎందుకు దిగుతుందో నాకు అప్పుడు తెలిసింది. వెంకటేశులు పిడి మీది నుంచి చెయ్యి తీసేశాడు. తీసిన చెయ్యిని లుంగీలో దాచుకోబోయాడు.

"పోతాది మ్మే" అన్నాడు. "సెయ్యి పోతాది. తియ్యి."

"అందరికీ ఇనబడేటట్ల సెప్పు."

అతను చెప్పాడు. ఏడుస్తూ, నాలుగు షెడ్ల అవతల అయ్యన్నకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాడు. అప్పుడామె చెయ్యి తీసి, చీర కొంగుతో తుడుచుకొని, టైరు మీది క్యారియర్ అందుకుంది. టార్పాలిన్ దించలేదు. ఆ జనం ముందే దిమ్మె మీద గిన్నె పెట్టి, పప్పు పోసి అన్నం కలిపి, మొదటి ముద్ద అతని నోటి దగ్గరికి తెచ్చింది. అతను తల వంచుకొని నోరు తెరిచాడు.